గోడకు ఆనించిన క్యూ కర్ర

స్నూకర్ వానాకాలంలో పుట్టిన ఆట. 1875లో జబల్‌పూర్ కంటోన్మెంట్‌లో, ముసురు పట్టి బయటికి కదలలేని రోజుల్లో, బిలియర్డ్స్ బల్ల చుట్టూ చేరిన బ్రిటిష్ సైనికాధికారులు ఉన్న ఆటకే మరికొన్ని రంగు బంతులు చేర్చి కొత్త ఆట అల్లుకున్నారు. ఆ ఆలోచన నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారిదని చెబుతారు (తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరే మనిషి). 1882లో ఊటీ క్లబ్బులో ఆ ఆట నియమాలు రాసి గోడకు పెట్టారు. ఆట పుట్టిన గడ్డ మనది, పుట్టించిన వాన మనది. ఆడే కర్ర మాత్రం పరాయి వాతావరణంలో పెరిగింది.

మంచి స్నూకర్ క్యూలో సన్నని ముందు భాగం, అంటే షాఫ్ట్, దాదాపు ఎప్పుడూ యాష్ కర్రే. పూల్ క్యూ అయితే హార్డ్ మేపుల్. రెండూ మంచు పడే దేశాల చెట్లు. మేపుల్ ఎక్కువగా కెనడా నుంచి, అమెరికాలోని గ్రేట్ లేక్స్ చుట్టుపక్కల అడవుల నుంచి వస్తుంది. చేత్తో పట్టుకునే వెనుక భాగానికి, అంటే బట్‌కు, తరచూ ఎబొనీ వాడతారు. ఎబొనీకి మన అడవులతో చుట్టరికం ఉంది. బీడీలకు ఆకు ఇచ్చే తునికి చెట్టుదీ ఎబొనీదీ ఒకటే ప్రజాతి. తునికి చేవను కోరమాండల్ ఎబొనీ అని మన తీరం పేరుతోనే ప్రపంచం పిలుస్తుంది. కానీ క్యూ వంగడం, నిలవడం తేలేది బట్ దగ్గర కాదు. సన్నగా, పొడవుగా ఉండే ఆ యాష్, మేపుల్ షాఫ్టు దగ్గరే తేలుతుంది.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ పార్లర్లలో ఒక ఫిర్యాదు మామూలుగా వినిపిస్తుంది. వేలు పోసి కొన్న క్యూ ఏడాది తిరక్కుండానే వంకర తిరిగిందని. తప్పు అమ్మినవాడి మీద పడుతుంది, లేదా కర్ర మీద పడుతుంది. నాసిరకం కర్ర అంటగట్టేవాళ్లు లేరని కాదు. అయితే చాలా సందర్భాల్లో ఆ క్యూ కొన్న రోజున నిటారుగానే ఉంది. దాన్ని వంచింది మన గాలి, ఆ గాలిలో దాన్ని నిలబెట్టిన తీరు. లక్షలు పెట్టి బల్లలు తెప్పించి, గదంతా ఏసీ బిగించే క్లబ్బులు క్యూలను మాత్రం మూలన గోడకు ఆనించి వదిలేస్తున్నాయి. ఈ అలవాటు మారాలి. మార్చడానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

చెట్టు కొట్టి ఇరవై ఏళ్లయినా కర్ర గాలితో ఇచ్చిపుచ్చుకోవడం మానదు. గాలిలో తేమ పెరిగితే పీల్చుకుంటుంది, తగ్గితే వదిలేస్తుంది. చుట్టూ ఉన్న గాలితో లెక్క సరిపోయేదాకా ఈ పని సాగుతూనే ఉంటుంది. సాపేక్ష ఆర్ద్రత 30 శాతం దగ్గర నిలకడగా ఉంటే కర్రలోని నీరు, ఎండు కర్ర బరువుతో చూస్తే, సుమారు 6 శాతానికి చేరుతుంది. 50 శాతం ఆర్ద్రతలో అది 9 దగ్గర, 80 శాతం ఆర్ద్రతలో 16 దగ్గర ఆగుతుంది. వానలు పడగానే ద్వారబంధంలో తలుపు బిగుసుకుపోవడం చూడని ఇల్లు తెలుగునాట ఉండదు. క్యూలో జరిగేదీ అదే, కాకపోతే మిల్లీమీటరులో పదో వంతుల్లో జరుగుతుంది.

విశాఖలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ 70 శాతానికి పైనే ఉంటుంది. హైదరాబాద్ వేరు. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం చుట్టుపక్కలకు దిగిపోతుంది, ఆగస్టులో 70 దాటుతుంది. కర్ర ఒక్క మధ్యాహ్నాన్ని చూసి మారిపోదు, వారాల సగటును చూస్తుంది. ఆ లెక్కన హైదరాబాద్‌లో ఏసీ లేని గదిలో ఉన్న క్యూ వేసవిలో 7, 8 శాతం నీటితో ఉండి, వానాకాలం చివరికి 13, 14 శాతానికి చేరడం సహజం. విశాఖ క్యూ ఎప్పుడూ తేమగానే ఉంటుంది కానీ అంతగా ఊగదు. వినడానికి వింతగా ఉన్నా, నిటారుతనం వరకు చూస్తే ఎప్పుడూ ఒకే తీరుగా తేమగా ఉండే ఊరి కంటే ఆరు నెలలు ఎండబెట్టి ఆరు నెలలు నానబెట్టే ఊరే క్యూకు ఎక్కువ కష్టం. "సముద్రపు గాలికి క్యూ పాడైంది" అనే మాట మనవాళ్ల నోట తరచూ వస్తుంది. అసలు దోషం తేమ ఎంత ఉందన్నదాని కంటే, ఎంతగా మారుతోందన్న దానిలో ఉంది.

ఆ ఆరు శాతం మార్పు ఏం చేస్తుందో మేపుల్ మీద లెక్కగట్టవచ్చు. కర్ర అన్ని దిక్కులా ఒకేలా ఉబ్బదు. చెట్టు వలయాల వెంట ఎక్కువ ఉబ్బుతుంది, వలయాలకు అడ్డంగా, అంటే చెట్టు నడిమి నుంచి బెరడు వైపుగా, అందులో సగమే. పచ్చి మేపుల్ పూర్తిగా ఎండితే వలయాల వెంట 9.9 శాతం, అడ్డంగా 4.8 శాతం కుంచించుకుపోతుంది. దీన్నిబట్టి 13 మిల్లీమీటర్ల షాఫ్ట్ ఆరు శాతం నీరు తాగితే ఒకవైపు పావు మిల్లీమీటరుకు పైగా, రెండోవైపు దానిలో సగం లావెక్కుతుంది. అంటే గుండ్రంగా తీసిన కర్ర కాస్త కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. వేళ్ల మధ్య షాఫ్ట్ ఆడించే ఆటగాడికి వానాకాలంలో క్యూ "పట్టేస్తోంది" అనిపించడానికి చెమట ఒక్కటే కారణం కాదు.

అయితే లావెక్కినంత మాత్రాన క్యూ వంగదు. వంపు పొడవులో తేడా వల్ల వస్తుంది. పొడవు వెంట కర్ర మారేది అతి స్వల్పం. పచ్చిగా ఉన్నప్పటి నుంచి పూర్తిగా ఎండేదాకా కలిపినా మంచి కర్రలో 0.1 నుంచి 0.2 శాతం. ఆ కాస్త మార్పు నాలుగు వైపులా సమానంగా జరిగితే క్యూ వెంట్రుకవాసి పొడవవుతుంది లేదా పొట్టిదవుతుంది, అంతే. చిక్కంతా ఒక వైపు ఎక్కువ, ఎదురు వైపు తక్కువ మారినప్పుడే. పూల్ క్యూ షాఫ్ట్ పొడవు 29 అంగుళాలు, సుమారు 737 మిల్లీమీటర్లు. మందం 13 మిల్లీమీటర్లే అనుకుని లెక్క వేస్తే, రెండు పక్కల పొడవుల మధ్య 0.15 మిల్లీమీటరు తేడా చాలు, నడిమి భాగం ఒక మిల్లీమీటరు విల్లులా లేస్తుంది. దళసరి కాగితమంత తేడా కర్ర పొడవునా పరుచుకుని కంటికి ఆనే వంకర అవుతుంది. సన్నని పొడవైన వస్తువుకు ఉన్న శాపమిది.

ఆ తేడా ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి కారణం నార. షాఫ్ట్ కోసినప్పుడు కర్ర నార ఈ చివర నుంచి ఆ చివరకు నిలువుగా సాగాలి. ఏటవాలుగా వచ్చి పక్కకు తేలిపోతే, అడ్డంగా జరగాల్సిన పెద్ద ఉబ్బులో కొంత వాటా పొడవులోకి చొరబడుతుంది. ఒరిగి పెరిగిన చెట్టు కాండంలో, కొమ్మల్లో ఒకవైపు తయారయ్యే బిగుతు కర్ర మరీ ప్రమాదం. అది పొడవు వెంట మామూలు కర్ర కంటే చాలా ఎక్కువ ముడుచుకుంటుంది. ఇవి తయారీదారు చూసుకోవాల్సిన సంగతులు. అందుకే పేరున్న క్యూ కళాకారులు కర్రను ఒక్కసారిగా లేత్ మీద చెక్కేయరు. చదరపు కడ్డీని గుండ్రం చేసి, నిలువుగా వేలాడదీసి వారాలో నెలలో వదిలేస్తారు. తర్వాత పలచటి పొర ఒకటి తీసి మళ్లీ వేలాడదీస్తారు. పొర తీసిన ప్రతిసారీ లోపల బిగిసి ఉన్న ఒత్తిళ్లు సర్దుకుంటాయి. అలా సర్దుకునేటప్పుడు వంగిన కడ్డీని పక్కన పడేస్తారు. మంచి క్యూ ధరలో పెద్ద భాగం ఈ నిరీక్షణకు, ఈ పారబోతకు చెల్లించేదే. ఆ ధర న్యాయమైనదే.

రెండో కారణం మాత్రం పూర్తిగా మన చేతుల్లో ఉంది. ఈ వ్యాసానికి మూలం అదే.

క్యూను గోడకు ఏటవాలుగా ఆనిస్తే దాని బరువుకు నడుము కాస్త కిందికి జారుతుంది. ఆ బరువు అర కేజీ అటూ ఇటూ. ఎండిన కర్ర ఆ మాత్రం భారాన్ని ఏళ్ల తరబడి మోస్తుంది, తీయగానే నిటారుగా లేస్తుంది. తేమ నిలకడగా ఉన్న గదిలో అయితే ఆనించినా పెద్దగా నష్టం ఉండకపోవచ్చు. కానీ భారం మీద ఉన్న కర్రకు తేమ ఎక్కుతూ దిగుతూ ఉంటే కథ మారిపోతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్, కింగ్‌స్టన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు 1960లో ఈ విషయాన్ని నేచర్ పత్రికలో ప్రకటించారు. భారం మోస్తున్న కర్ర తేమ మారేటప్పుడు, అదే భారంతో నిలకడ తేమలో ఉన్న కర్ర కంటే చాలా ఎక్కువ వంగుతుంది. తేమ ఎక్కి దిగిన ప్రతి విడతా ఆ వంపును ఇంకాస్త లోపలికి దింపుతుంది. భారం తీసేసినా కొంత వంపు మిగిలిపోతుంది. వంతెనల దూలాలు, ఇళ్ల కప్పులు లెక్కగట్టే ఇంజినీర్లు అప్పటి నుంచి దీన్ని పట్టించుకుంటూనే ఉన్నారు. క్యూలకు కూడా వర్తించే సూత్రమే ఇది, కానీ ఈ మాట మన క్లబ్బుల గుమ్మం తొక్కలేదు.

ఇప్పుడు మామూలు పార్లర్ దినచర్య చూడాలి. పగలు తలుపులు తీయగానే ఏసీ వేస్తారు, అర్ధరాత్రి మూసేటప్పుడు ఆపేస్తారు. నడుస్తున్నంతసేపు ఏసీ గాలిలోని నీటిని బయటికి తోడేస్తుంది. ఆపగానే వానాకాలపు రాత్రి గాలి కిటికీ సందుల్లోంచి లోపలికి చేరుతుంది. ఒక్క రాత్రిలో తేమ షాఫ్ట్ పైపొరను దాటి ఎంతో లోతుకు దిగదన్న మాట నిజమే. అయినా కర్రకు ఆవలి పక్కన గోడ చెమ్మ, ఈవలి పక్కన ఏసీ గాలి తగిలే చోట, నెలల తరబడి ఒకే కోణంలో ఒరిగి ఉన్న క్యూకు మూడు బాధలూ ఒకేసారి చుట్టుకుంటాయి: రెండు పక్కలకు రెండు రకాల గాలి, నడుము మీద భారం, రోజూ ఎక్కి దిగే తేమ. ఎండలో నిలిపిన కారు డిక్కీలో మరచిపోయిన క్యూది ఇంకో తరహా దెబ్బ. మన మే నెలలో మూసిన కారు లోపల వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. ఆ వేడికి కర్ర గబగబా ఎండుతుంది, అతుకుల దగ్గర జిగురు మెత్తబడే ప్రమాదమూ ఉంది.

తేమ కర్రలోకి దూరే దారి కూడా తెలిసి ఉండాలి. నార వెంట, అంటే కోసిన చివరల నుంచి, నీరు పక్కల నుంచి కంటే 10 నుంచి 15 రెట్లు వేగంగా కదులుతుంది. కాబట్టి టిప్ కింద, రెండు ముక్కలు కలిసే కీలు దగ్గర, బట్ అడుగున రబ్బరు కింద కర్ర బోసిగా ఉంటే అక్కడ గండి ఉన్నట్టే. చాక్ మరకలు పోవాలని తడిబట్టతో రుద్దడం, నున్నగా జారాలని నెలకోసారి ఉప్పుకాగితం పట్టడం కుర్రాళ్లలో బాగా ఉన్న అలవాట్లు. ఉప్పుకాగితం రుద్దిన ప్రతిసారీ తయారీదారు పట్టించిన సీలర్ పొర పోతుంది, షాఫ్ట్ సన్నబడుతుంది. యాష్ క్యూకు అప్పుడప్పుడు కాస్త అవిసె నూనె రాసి ఆరనివ్వడం పాత స్నూకర్ పద్ధతి. అది తేమను ఆపదు, నెమ్మదింపజేస్తుంది. ఏ పూతకైనా అంతవరకే శక్తి.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకో చిక్కు ఉంది. అమెరికా నుంచి వచ్చే అల్లుడో కొడుకో సూట్‌కేసులో పూల్ క్యూ పట్టుకురావడం ఇప్పుడు కొత్త కాదు. ఇంటి లోపల వాడే కర్ర ఎంత నీటితో ఉండాలో అమెరికా అటవీ ఉత్పత్తుల పరిశోధనశాల ప్రాంతాల వారీగా చెబుతుంది: దేశంలో ఎక్కువ చోట్ల 8 శాతం, పొడి నైరుతిలో 6, తేమ నిండిన దక్షిణ తీరంలో 11. మిన్నెసోటా చలికాలంలో హీటర్ వేసిన ఇంట్లో ఎండి ఉన్న క్యూ జులైలో కాకినాడలో దిగితే దాని నీరు దాదాపు రెట్టింపు కావాలి. అలాంటి క్యూను రాగానే బల్ల మీదికి తేకూడదు. పెట్టెలోనే కొద్దివారాలు పడుకోబెట్టి ఊరిగాలికి మెల్లగా అలవాటు పడనివ్వడం మేలు. మన దేశంలోనూ ఈ జ్ఞానం కొత్తది కాదు. కలపలో తేమ ఎంత ఉండాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 287 దేశాన్ని గాలి తేమను బట్టి నాలుగు మండలాలుగా విడదీసింది. తలుపులకు, కుర్చీలకు ఉన్న ఈ పట్టింపు ఆట సామాను అమ్మే దుకాణంలో ఎందుకు ఉండకూడదు? ఏ తేమ దగ్గర ఆరబెట్టిన కర్రో క్యూ పెట్టె మీద ఒక్క ముక్క రాస్తే కొనేవాడికి తెలుస్తుంది.

ఈ గొడవంతా ఎందుకు, కార్బన్ ఫైబర్ కొనుక్కుంటే పోలేదా అని అడిగేవాళ్లున్నారు. అడగదగ్గ ప్రశ్నే. 1990లలో ప్రిడేటర్ అనే అమెరికన్ కంపెనీ మేపుల్‌ను ముక్కలుగా కోసి వాటి నార దిక్కులు మార్చి అతికించిన షాఫ్టులు తెచ్చింది. ఒక ముక్క వంగబోతే పక్క ముక్క ఆపుతుంది. 2010ల రెండో సగం నుంచి అదే కంపెనీతో పాటు మరికొన్ని కంపెనీలు కార్బన్ షాఫ్టులు అమ్ముతున్నాయి, పూల్ పోటీల్లో పెద్ద ఆటగాళ్లు చాలామంది వాటికి మారారు. వానకూ ఎండకూ అవి చలించవు. కానీ ఒక్క షాఫ్టుకే పదుల వేల రూపాయలు. గంటకింత అని అద్దె కట్టి ఆడే ఇంటర్ కుర్రాడికి ఆ సలహా ఇవ్వడం ఆటను అతనికి దూరం చేయడమే. పైగా స్నూకర్‌లో అగ్రశ్రేణి ఆటగాళ్లు ఎక్కువమంది ఇప్పటికీ యాష్ క్యూతోనే ఆడుతున్నారు. కర్ర చేతికి చెప్పే కబురు మరో పదార్థం చెప్పదని వాళ్ల నమ్మకం. స్టీఫెన్ హెండ్రీ కుర్రతనంలో 40 పౌండ్లకు కొన్న క్యూతోనే ఏడు ప్రపంచ టైటిళ్లూ గెలిచాడు. 2003లో అది విమాన ప్రయాణంలో విరిగేదాకా దాన్ని వదల్లేదు. మన విల్సన్ జోన్స్ 1958లో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిల్ గెలిచి, వ్యక్తిగత క్రీడలో తొలి భారతీయ ప్రపంచ విజేత అయ్యాడు. ఆ గెలుపు తేమకు పేరుపడ్డ కలకత్తాలో, కర్ర క్యూతోనే.

కర్రను తేలిగ్గా తీసుకోలేని రోజులు కూడా వచ్చాయి. 2002లో అమెరికాలోని మిషిగన్‌లో బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పురుగు అక్కడి యాష్ చెట్లను కోట్ల సంఖ్యలో చంపేసింది. ఐరోపా యాష్‌ను శిలీంధ్రపు తెగులు తినేస్తోంది. బ్రిటన్‌లో దాన్ని 2012లో గుర్తించారు. నిటారు నార ఉన్న మంచి యాష్ దొరకడం రానురాను కష్టమవుతుంది. నిర్లక్ష్యంతో వంచేసి కొత్తది కొనుక్కుందాంలే అనుకునే వస్తువు ఇక కాదు అది.

ఇంతకీ వంపు ఎంతవరకు ఫర్వాలేదు? క్యూను బల్ల మీద దొర్లించి తీర్పు చెప్పేయడం పార్లర్లలో రివాజు. రెండు ముక్కల క్యూను కలిపి దొర్లిస్తే కీలు దగ్గరి చిన్న తేడా కూడా వంకరలా కనబడుతుంది. షాఫ్టును విడిగా దొర్లించాలి, తర్వాత ఒక కన్ను మూసి బారుగా చూడాలి. అర మిల్లీమీటరు వంపు ఉన్నంత మాత్రాన క్యూ పనికిరాకుండా పోదు. యాష్ మీద బాణాల్లా కనిపించే నార గుర్తులు ఎప్పుడూ ఒకే వైపు ఉండేలా స్నూకర్ ఆటగాళ్లు క్యూ పట్టుకుంటారు. అలా పడితే ఆ స్వల్ప వంపు రోజూ ఒకే దిక్కున ఉంటుంది, చేయి దాన్ని నేర్చుకుంటుంది. మారే వంపును చేయి నేర్చుకోలేదు. ఇవాళ ఒక క్యూ, రేపు ఇంకో క్యూ, ఒక్కోటి ఒక్కో వంకర అయితే నేర్చుకునే పిల్ల ఏం చేయాలి? బంతి పాకెట్ అంచు తగిలి వెనక్కి వస్తే తప్పు తన చేతిదో కర్రదో ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? కోచ్ మోచేయి సరిచేస్తూనే ఉంటాడు, లోపం షాఫ్టులో ఉంటుంది. ప్రతిభ ఉన్న పిల్లలు కూడా ఇలాగే విసిగి మానేస్తారు. ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలో రాసుకోవడం లేదు.

వంగిన షాఫ్టును మోకాలి మీద పెట్టి వంచేవాళ్లు, కుక్కర్ ఆవిరి పట్టేవాళ్లు ఉన్నారు. కాసేపు నిటారుగా కనిపిస్తుంది. తేమ మళ్లీ లెక్క సరిచేసుకోగానే చాలాసార్లు పాత వంపు తిరిగొస్తుంది, ఈలోగా నార కూడా దెబ్బతింటుంది. రెండు ముక్కల క్యూ అయితే షాఫ్టు ఒక్కటీ మార్చుకోవడం తెలివైన పని. బట్‌కు సాధారణంగా ఏమీ కాదు.

క్లబ్బులు చేయాల్సింది చెప్పాలంటే ముందు గాలిలో తేమ కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొనాలి. కొన్ని వందల రూపాయలు. దాన్ని బల్ల దగ్గర కాకుండా క్యూలు పెట్టే చోట తగిలించాలి. తేమ 45 నుంచి 60 శాతం మధ్య నిలిస్తే చాలు. వానాకాలంలో అది 70 దాటుతుంటే, రాత్రంతా గదికి ఏసీ వేయక్కర్లేదు, క్యూలను రబ్బరు పట్టీ ఉన్న తలుపుల బీరువాలోకి మార్చితే రోజువారీ ఊపు బాగా తగ్గుతుంది. స్టాండ్ ఉంటే క్యూ అందులో నిట్టనిలువుగా నిలవాలి, పైన క్లిప్ పట్టుకోవాలి. వానకు తడిసే బయటి గోడకు, ఏసీ గాలి నేరుగా తగిలే చోటుకు ఆ స్టాండ్ దూరంగా ఉండాలి. పడుకోబెడితే పొడవునా సమంగా ఆనాలి. సొంత క్యూ ఉన్నవాళ్లు ఆట అయిపోగానే తుడిచి గట్టి పెట్టెలో పెట్టుకోవాలి, కారులో వదలకూడదు. రాష్ట్ర బిలియర్డ్స్, స్నూకర్ సంఘాలు జూనియర్ పోటీలకు హాలును ఎంపిక చేసేటప్పుడు బల్ల గుడ్డ, బంతులు, వెలుతురు చూసినట్టే అందరూ వాడుకునే క్లబ్బు క్యూలు ఎలా పెట్టారో కూడా చూడాలి. వచ్చే జూన్‌లో తొలకరి పడకముందే ఈ తనిఖీ మొదలుపెడితే, పొడి గాలి నుంచి తడి గాలికి మారే ఆ కీలకమైన కొన్ని వారాల్లోనే చాలా క్యూలు దక్కుతాయి.